ఆస్తి: ఒక రేడియో, పలకదు

ఆగస్టు. వాషింగ్టన్‌లో చెమట
కాలరు లోపలికి దారి వెతుక్కుంటోంది.
నా బల్ల మీద ఈ వారం వాటా పదకొండు అర్జీలు.
పది చక్కగా అచ్చేసి కుట్టినవి,
పేజీ తిప్పితే డబ్బు వాసన.
పదకొండోది పెన్సిలుతో రాసింది.

లియోటిస్ ప్రూయిట్, మిసిసిపీలో ఒక జైలు నుంచి.
గీతల్లేని కాగితం మీద వరస తప్పని అక్షరాలు,
కింద అట్టముక్క అంచు పెట్టుకుని రాసినట్టున్నాడు.
ఫీజు కట్టుకోలేనని ప్రమాణపత్రం జత చేశాడు.
ఆస్తి: ఒక రేడియో, పలకదు.
అప్పు: అక్క వెర్లీన్‌కి నలభై డాలర్లు.
నెల రాబడి దగ్గర సున్నా చుట్టి
ఆ సున్నాని ఇంకోసారి దిద్దాడు.

చదివాను. మళ్లీ చదివాను.
కింది జడ్జి పొరబడ్డాడు.
సాక్షి చెప్పింది మంగళవారం,
తీర్పులోకి ఎక్కేసరికి బుధవారం.
ఆ ఒక్క రోజు తేడాలో మనిషికి పద్దెనిమిదేళ్లు పోయాయి.
పై కోర్టు ఆ బుధవారాన్ని ఒక్క వాక్యంతో ఎత్తి,
దులపనైనా దులపకుండా,
ఉన్నచోటే పెట్టేసింది.

చేరిన రోజే చెప్పారు మాకు:
ఇది తప్పులు దిద్దే బడి కాదు.
ఏడాదికి వేలల్లో వస్తాయి, తీసుకునేది ఏ అరవయ్యో.
అన్యాయం జరిగిందా అని వెతకొద్దు,
ఒకే మాటకి రెండు కోర్టులు
రెండు అర్థాలు చెప్పాయేమో చూడు.
వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటేనే
మన తలుపు తెరుచుకుంటుంది.

ప్రూయిట్ ఖర్మ ఏమిటంటే
అతని విషయంలో ఎవరికీ ఎవరితోనూ తగాదా లేదు.
చట్టం ఏమిటో అందరికీ తెలుసు, అందరిదీ ఒకే మాట.
అతని దాకా వచ్చేసరికి చెయ్యి జారింది,
అంతే.

మెమో మూడు పేజీలు రాసి ఒకటిన్నరకి కుదించాను.
"తీర్పులో పొరపాటు కనిపిస్తోంది" అన్న వాక్యాన్ని
తీశాను, పెట్టాను, తీశాను,
చివరికి ఫుట్‌నోట్‌లో దాచాను.
ఆఖర్న ఒక్క మాట: తిరస్కరించవచ్చు.
ఏడుగురు జడ్జిల గదులకి వెళ్తుంది నా మెమో.
అర్జీ మొత్తం చదివింది బహుశా నేనొక్కదాన్నే.

పై అంతస్తులో బంతి ఎగురుతున్న చప్పుడు.
మా కోర్టు నెత్తిన ఇంకో కోర్టుంది, బాస్కెట్‌బాల్‌ది.
దేశంలో అన్నిటికన్నా పై కోర్టు అదేనని ఇక్కడి పాత జోకు.
అక్కడ గీత తొక్కితే
అప్పటికప్పుడే ఈల వేస్తారు.

సెప్టెంబరు చివర్న తొమ్మిదిమందీ లోపలికెళ్లి తలుపేసుకున్నారు.
మాలాంటి వాళ్లకి ప్రవేశం లేదు.
ఎవరైనా తడితే, అందరికన్నా కొత్త జడ్జి
తనే లేచి వచ్చి గడియ తీయాలి.
గెలవడానికి ఐదుగురు కావాలి, వినడానికి నలుగురు చాలు.
దయ అంటే ఆ ఒక్కరి తేడా అనుకునేదాన్ని మొదట్లో.
కానీ ఆ నలుగురి నోటి దాకా రావాలన్నా
ఎవరో ఒకరు చర్చ జాబితాలో చేర్చాలి.
చేర్చకపోతే పేరైనా పలకరు.

"ఫుట్‌నోట్ చూశారా?" అని మా జడ్జిని అడిగాను.
"చూశాను" అన్నారావిడ.
కళ్లద్దాలు తుడుచుకున్నారు,
అవసరమైనదానికన్నా ఎక్కువసేపు.

అక్టోబరులో ఒక సోమవారం జాబితా వచ్చింది.
ఒక పడవల కంపెనీ కేసు తీసుకున్నారు,
చట్టంలో "లేదా" అన్న మాటకి
బోస్టన్ ఒకటంటే న్యూ ఆర్లియన్స్ ఇంకొకటందట.
ప్రూయిట్ నంబరు ఎక్కడో నడిమి పేజీలో,
ముందు వంద నంబర్లు, వెనక వంద.
కారణం రాయరు.
వినం అంటే కింది తీర్పు ఒప్పని కాదు,
తప్పనీ కాదు.
వినం అంటే వినం.

నవంబరులో ఫైలింగ్ గది నుంచి ఒక కాగితం నా దగ్గరికొచ్చింది,
ఏం చెయ్యాలో వాళ్లకి తోచక.
పెన్సిలు, అదే అట్టముక్క వరస.
"అయ్యా, నా ప్రమాణపత్రంలో ఒక తప్పు దొర్లింది.
అక్కకి నేను బాకీ నలభై కాదు, నలభై ఐదు.
దయచేసి దిద్దగలరు."